లెక్క రాసేది ఆయన, లెక్క అప్పజెప్పేది మనం

సొలొమోను రాజు చనిపోయాక ఇశ్రాయేలు ప్రజలంతా షెకెములో కూడుకొని ఆయన కుమారుడైన రెహబాము ముందు ఒకే ఒక్క కోరిక పెట్టారు. నీ తండ్రి మా మీద మోపిన కాడిని కాస్త తేలిక చేస్తే నీకు సేవ చేస్తామన్నారు. రెహబాము మూడు రోజుల గడువు అడిగాడు. ముందుగా తండ్రి కొలువులో పనిచేసిన పెద్దల్ని పిలిచి సలహా అడిగాడు. ప్రజలతో మంచిగా మాట్లాడి వాళ్లకు సేవకుడిగా ఉంటే వాళ్లు ఎప్పటికీ నీవాళ్లుగా ఉంటారని పెద్దలు చెప్పారు. ఆయనకు అది నచ్చలేదు. తనతోపాటు పెరిగిన యువకుల్ని పిలిచాడు. కాడిని ఇంకా బరువు చేస్తానని చెప్పు అని వాళ్లు అన్నారు. అది నచ్చింది. ఫలితంగా పది గోత్రాలు చేజారిపోయాయి. వెట్టిపనివారి మీద అధికారిగా ఉన్న అదోరామును ప్రజలు రాళ్లతో కొట్టి చంపారు. రాజు రథమెక్కి యెరూషలేముకు పారిపోయాడు (1 రాజులు 12:1–18).

ఈ భాగం మీద ప్రసంగం చేసేటప్పుడు మేము సాధారణంగా రెహబాము గర్వాన్ని గురించే మాట్లాడతాం. కాని ఇందులో గమనించాల్సింది మరొకటి ఉంది. సరైన సలహా దొరక్క రెహబాము చెడిపోలేదు. సరైన సలహా ఆయనకు మొదటే దొరికింది. అయినా తన మనసులో ఉన్న మాటను తిరిగి తనకే చెప్పేవాళ్లు దొరికేదాకా వెదికాడు. ఏ సలహాదారు దగ్గరికి వెళ్లాలో నిర్ణయించుకున్నప్పుడే ఏ సలహా కావాలో కూడా మనం చాలావరకు నిర్ణయించేసుకుంటాం. చిన్న వ్యాపారం చేసుకునే విశ్వాసి తన పన్నుల లెక్కలు చూసే మనిషిని ఎన్నుకునేటప్పుడు జరిగేదీ అదే.

పన్నుల సలహాదారుకూ విశ్వాసానికీ సంబంధమేమిటని కొందరికి అనిపించవచ్చు. మన సంఘాల్లో కిరాణా కొట్టు నడిపేవాళ్లున్నారు, ఎలక్ట్రికల్ షాపు పెట్టుకున్నవాళ్లున్నారు, ప్రింటింగ్ ప్రెస్, క్యాటరింగ్, టైలరింగ్ చేసేవాళ్లున్నారు. కొత్త షాపు తెరిస్తే పాస్టర్‌ని పిలిచి ప్రార్థన చేయిస్తారు. వాక్యం రాసిన పటం గల్లాపెట్టె పైన తగిలిస్తారు. మొదటి నెల లాభంలో దశమభాగం తెచ్చి ఇస్తారు. ఇదంతా మంచిదే. కాని ఆ గల్లాపెట్టె లెక్కలు ఎవరు రాస్తున్నారు, ఏమని రాస్తున్నారు అని మేమూ అడగం, వాళ్లూ చెప్పరు. నేను కూడా చాలా ఏళ్లు అడగలేదు. అడగకపోవడం ఎంత పెద్ద తప్పో నాకు ఒక సహోదరుని కన్నీళ్లు నేర్పాయి.

ఆయన మా సంఘస్తుడు. ఫ్యాన్లు, వైర్లు, స్విచ్‌లు అమ్ముకునే చిన్న షాపు ఆయనది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు చిన్న వ్యాపారులందరిలాగే కంగారుపడి, లెక్కలకు మంచి మనిషిని చెప్పండి అయ్యగారూ అని నన్ను అడిగాడు. పక్క సంఘంలో ప్రార్థనాపరుడని పేరున్న ఒకాయన ట్యాక్స్ కన్సల్టెంట్‌గా బోర్డు పెట్టుకున్నాడు. మనవాడే కదా అని ఆయన పేరు చెప్పాను. ఆయనకు ఏ అర్హత ఉంది, ఎవరి దగ్గర పని నేర్చుకున్నాడు, తన దగ్గరికి వచ్చేవాళ్ల పనిని ఎలా చేస్తున్నాడు అని నేను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

కొంతకాలం అంతా బాగానే సాగింది. తర్వాత ఒక నెల ఆ కన్సల్టెంట్ మా సహోదరునితో, ఈసారి పన్ను 18 వేలు పడుతుంది, నేను దాన్ని 6 వేలకు తెస్తాను, మిగిల్చినందుకు నాకు ఫీజు మీద మరో 2 వేలు ఇవ్వండి అన్నాడట. మా సహోదరుడు ఇచ్చాడు. అలా దాదాపు 14 నెలలు నడిచింది. షాపుకు ఎన్నడూ సరుకు పంపని ఒక వ్యాపారి పేరుతో కొనుగోలు బిల్లులు చూపించి, ఆ బిల్లుల మీద కట్టని పన్నును కట్టినట్లు చూపి, దాన్ని అసలు పన్నులోంచి తగ్గించుకున్నారన్నది తర్వాత తెలిసిన సంగతి.

శాఖవాళ్లు నోటీసు ఇచ్చారు. కాని అది మా సహోదరుని షాపుకు రాలేదు. జీఎస్టీ నోటీసులు ఎక్కువగా పోర్టల్‌లో పెడతారు, సమాచారం అక్కడ నమోదైన ఫోనుకూ ఈమెయిల్‌కూ వెళ్తుంది. అక్కడ నమోదైన రెండూ కన్సల్టెంట్‌వే. ఆయన ఎవరికీ చెప్పలేదు. జవాబు లేకపోవడంతో ఉత్తర్వు వెలువడింది. అప్పీలు వేసుకోవడానికి చట్టమిచ్చే మూడు నెలలు గడిచాయి, ఆలస్యాన్ని అధికారి మన్నించగల మరో నెలా గడిచింది. ఒక శనివారం హోల్‌సేల్ వ్యాపారి ఫోన్ చేసి నీ చెక్కు తిరిగొచ్చిందన్నాడు. బ్యాంకుకు పరుగెత్తితే, పన్ను బాకీ కింద ఖాతా నిలిపేశారని మేనేజరు చెప్పాడు. పన్ను, దాని మీద ఏడాదికి 18 శాతం వడ్డీ, పన్నుతో సమానమైన జరిమానా, అన్నీ కలిపి 4 లక్షలు దాటింది. అది ఆయన షాపులో ఉన్న సరుకు విలువకు ఇంచుమించు సమానం.

ఆ సాయంత్రం భార్యాభర్తలిద్దరూ మా ఇంటికి వచ్చారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే నాకు మరీ బాధ కలిగింది. 18 వేలు 6 వేలు ఎలా అవుతుందని నువ్వు అడగలేదా తమ్ముడూ అన్నాను. ఆయన తల దించుకొని, "అడిగితే చెప్పేస్తాడేమోనని భయమేసింది, అయ్యగారూ" అన్నాడు. ఆ మాట నేను ఇప్పటికీ మరచిపోలేదు. రెహబాములో ఉన్నదీ, మా సహోదరునిలో ఉన్నదీ, నాలో ఉన్నదీ ఒకటే జబ్బు. నిజం మనకు తెలియక కాదు, తెలిస్తే దాని ప్రకారం నడుచుకోవాల్సి వస్తుందని భయం.

మర్నాడు ఆరాధనలో, ఈ సలహా ఇచ్చింది నేనేనని సంఘం ముందు ఒప్పుకున్నాను. సోమవారం జిల్లా కేంద్రంలో ఉన్న ఒక చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గరికి ఆయనతోపాటు వెళ్లాను. ఆమె మన విశ్వాసంలో ఉన్న మనిషి కాదు. ఫీజు కూడా మునుపటి ఆయనకు మూడింతలు చెప్పారు. కాగితాలన్నీ చూసి మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ బిల్లుల మీద ఉన్న సరుకు మీ షాపుకు వచ్చిందా? చాలాసేపటికి, రాలేదు మేడమ్ అన్నాడు. నోటీసు అందలేదన్న కారణంతో హైకోర్టుకు వెళ్లవచ్చని ఎవరో చెప్పారని నేను అన్నాను. వెళ్లవచ్చు సార్, కాని కేసు మళ్లీ మొదటికి వస్తే అప్పుడైనా చెప్పాల్సింది సరుకు రాలేదనే కదా, అబద్ధం రాసి నేను సంతకం చేయను అన్నారామె. ఆ తర్వాత చట్టంలో ఉన్న వాయిదాల వెసులుబాటు గురించి చెప్పి, 24 నెలవారీ వాయిదాల్లో బాకీ తీర్చుకోవడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు తయారు చేశారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు మంచి సమరయుని ఉపమానం గుర్తుకొచ్చింది. మనవాళ్లని మనం లెక్కేసుకున్న యాజకుడూ లేవీయుడూ పక్కగా వెళ్లిపోతే, పరాయివాడు ఆగి గాయం కట్టాడు. దేవునికి భయపడతానని చెప్పుకునేవాడు బిల్లులు పుట్టించాడు. అలా చెప్పుకోని ఆమె అబద్ధం రాయనన్నది. ఇది మనం సిగ్గుపడాల్సిన విషయం. అంటే అన్యుల దగ్గరికే వెళ్లాలని నేను చెప్పడం లేదు. మన సంఘాల్లో నిజాయితీగా ఆ వృత్తిలో ఉన్నవాళ్లు నాకు తెలుసు. కాని మనవాడన్నది ఒక అర్హత కాదు. నెహెమ్యా దేవాలయపు కొట్లకు అధికారుల్ని పెట్టినప్పుడు, ఒక యాజకుణ్ణీ ఒక శాస్త్రినీ ఒక లేవీయుణ్ణీ తీసుకున్నాడు. వాళ్ల వంశాన్ని బట్టి కాదు, వాళ్లు నమ్మకమైనవాళ్లని పేరు పొందినందువల్ల తీసుకున్నానని ఆయనే రాసుకున్నాడు (నెహెమ్యా 13:13).

మనవాడన్నది ఒక తప్పుడు కొలత అయితే, ఫీజు తక్కువ అన్నది రెండోది. వైద్యుణ్ణి ఎన్నుకునేటప్పుడు ఎవరు చవక అని చూడని మనం ఇక్కడ అదొక్కటే చూస్తాం. ఇక ఆఫీసులో ఆయనకు మనుషులున్నారు, మేనేజ్ చేస్తాడు అన్నది మూడోది, అన్నింటికన్నా ప్రమాదకరమైనది. మేనేజ్ చేయగలవాడు ఈరోజు మన కోసం అధికారికి అబద్ధం చెబితే, రేపు తన కోసం మనకూ చెబుతాడు. మిగిల్చిన పన్నులో వాటా అడగడం చార్టర్డ్ అకౌంటెంట్ల వృత్తి నియమాలకు సాధారణంగా విరుద్ధం. అలా వాటా అడిగేవాడికి మన లెక్కలు సరిగ్గా ఉండటం కంటే తక్కువగా ఉండటంలోనే లాభం ఉంటుంది.

మరి ఎలాంటి మనిషిని వెదకాలి? ముందుగా ఎవరు ఎవరో తెలుసుకోవాలి. చార్టర్డ్ అకౌంటెంట్ అంటే 1949 నాటి చట్టం ద్వారా ఏర్పడిన సంస్థలో సభ్యత్వం ఉన్నవాడు. ఆయనకు సభ్యత్వ సంఖ్య ఉంటుంది, తప్పు చేస్తే విచారించే సంస్థ ఉంటుంది. ఆయన సంతకం చేసి ఇచ్చే ధ్రువపత్రం మీద 2019 నుంచి యూడీఐఎన్ అనే 18 అంకెల సంఖ్య తప్పనిసరి. అది నిజమైనదో కాదో ఎవరైనా సరిచూసుకోవచ్చు. జీఎస్టీ ప్రాక్టీషనర్ అంటే ప్రభుత్వం దగ్గర నమోదై, పరీక్ష పాసై, వ్యాపారి తరఫున రిటర్నులు వేయగలవాడు. ఈ రెండూ కానివాళ్లు, పుస్తకాలు రాసిపెట్టే గుమస్తాలు, ఎందరో ఉన్నారు. వాళ్లలో చాలామంది మంచివాళ్లే. అయితే వాళ్లను అడిగేవాళ్లెవరూ ఉండరని గుర్తుంచుకోవాలి. చిన్న కొట్టుకు ప్రతి నెలా సీఏ అక్కర్లేదు. నమోదైన ప్రాక్టీషనర్ చాలు. కాని నోటీసు వచ్చినా, పెద్ద అప్పు తీసుకుంటున్నా, భాగస్వామ్యం పెడుతున్నా సీఏ దగ్గరికి వెళ్లాలి.

మంచి సలహాదారు పన్ను ఎక్కువ కట్టించేవాడని అనుకోకండి. చట్టమే ఇచ్చిన తగ్గింపును చూపించడం ఆయన పని. సరుకులు అమ్మే చిన్న వ్యాపారికి ఏడాది అమ్మకాలు కోటిన్నర దాటకపోతే కాంపోజిషన్ పథకం ఉంది. అమ్మకాల మీద 1 శాతం కట్టి, మూడు నెలలకోసారి చెల్లించి, ఏడాదికొక రిటర్ను వేస్తే సరిపోతుంది. అయితే కొనుగోలుదారు దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు, కొన్న సరుకు మీద కట్టిన పన్నును తగ్గించుకోకూడదు. సరుకుల వ్యాపారికి జీఎస్టీ నమోదు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షల అమ్మకాలు దాటితేనే తప్పనిసరి, తెలంగాణలో 20 లక్షలకే తప్పనిసరి. ఆదాయపు పన్నులో, అమ్మకాలు 2 కోట్ల లోపున్నవాళ్లు నగదు అమ్మకాల మీద 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన దాని మీద 6 శాతం లాభంగా చూపించి పెద్ద పుస్తకాల బాధ తప్పించుకునే పద్ధతి ఉంది. ఇవన్నీ న్యాయమైన దారులు. వీటిని వాడుకోవడం పాపం కాదు. మా సహోదరునికి మొదటి రోజే కాంపోజిషన్ గురించి ఎవరైనా వివరంగా చెప్పి ఉంటే, ఆయన ఆ పథకంలో చేరి ఉండేవాడు. తప్పుడు బిల్లులతో పొందిన దానికంటే ఎంతో ప్రశాంతంగా ఉండేవాడు.

యేసుప్రభువు కపెర్నహూములో అరషెకెలు పన్ను విషయంలో చేసింది చూడండి. రాజుల కుమారులు పన్ను కట్టనక్కర్లేదు కాబట్టి తాను స్వతంత్రుణ్ణని ముందు పేతురుకు స్పష్టం చేశాడు. తర్వాత వాళ్లకు అభ్యంతరం కలగకూడదని చేప నోటిలోని నాణెంతో ఇద్దరి పన్నూ కట్టించాడు (మత్తయి 17:24–27). తన హక్కు ఏమిటో ఆయనకు తెలుసు, దాన్ని దాచలేదు. సాక్ష్యం చెడకూడదన్న పట్టింపూ ఉంది. మన సలహాదారు మన హక్కును మనకు చెప్పాలి, అలాగే మన సాక్ష్యాన్ని పాడుచేయకూడదు. ఈ రెండూ చేయగలిగిన మనిషినే వెదకాలి.

అలాంటి మనిషి దొరికాక కూడా కొన్ని పనులు మన చేతుల్లోంచి పోకూడదు. పోర్టల్‌లో మన ఫోను నంబరు, మన ఈమెయిల్ ఉండాలి. పాస్‌వర్డ్ మనకు తెలిసి ఉండాలి. నెలకొకసారైనా మనమే, లేదా చదువుకున్న మన పిల్లల చేత తెరిపించి, నోటీసుల విభాగం చూసుకోవాలి. పన్ను డబ్బు సలహాదారు చేతికి నగదుగా ఇవ్వకూడదు, చలానా ద్వారా మన ఖాతా నుంచి నేరుగా ప్రభుత్వానికి వెళ్లాలి. వేసిన ప్రతి రిటర్ను కాపీ మన దగ్గర ఉండాలి. జీఎస్టీ పుస్తకాలు, బిల్లులు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలన్నది చట్టం. అన్నిటికంటే ముఖ్యంగా, పన్ను తగ్గిందని చెబితే ఎలా తగ్గిందో అడగాలి. అడిగితే విసుక్కునే సలహాదారు మనకు వద్దు.

ఎందుకంటే, ప్రాక్టీషనర్ చేత రిటర్ను వేయించినా దానిలోని వివరాలు నిజమేనన్న బాధ్యత వ్యాపారిదేనని జీఎస్టీ చట్టం స్పష్టంగా చెబుతోంది. మాకు తెలియదు, ఆయనే చేశాడు అన్న మాట అక్కడ చెల్లదు. పైన కూడా చెల్లదు. మనలో ప్రతి ఒక్కరూ దేవునికి తన లెక్క తానే ఒప్పగించాలని పౌలు రోమా సంఘానికి రాశాడు (రోమా 14:12). ఆ ఉత్తరంలోనే అంతకుముందు అధ్యాయంలో పన్ను ఎవరికి చెల్లించాలో వాళ్లకు చెల్లించమన్నాడు. ఆ రెండు మాటల్నీ కలిపి చదవాలి. పనిని ఇంకొకరికి అప్పగించవచ్చు, మనస్సాక్షిని అప్పగించలేం.

పాస్టర్లకూ సంఘ పెద్దలకూ ఒక మాట. యెరూషలేము పేదల కోసం పోగైన చందాను పౌలు ఒంటరిగా మోసుకెళ్లలేదు. సంఘాలు ఏర్పరచిన సహోదరుల్ని వెంట పెట్టుకున్నాడు. ప్రభువు దృష్టికే కాక మనుషుల దృష్టికి కూడా సక్రమంగా ఉండాలన్నది ఆయన ఉద్దేశం (2 కొరింథీ 8:20–21). మన సంఘాల లెక్కలు మనం చూపించకుండా, షాపు లెక్కల గురించి వ్యాపారికి బోధించలేం. ఇవ్వని కానుకకు రసీదు ఇమ్మని అడిగేవాళ్లు వచ్చినప్పుడు, ఆ మనిషి ఎంత పెద్ద దాత అయినా కాదనాలి. ఎవరినైనా సిఫారసు చేసేముందు మనమే వెళ్లి ప్రశ్నలు అడగాలి. నేను అడగలేదు, దాని ఖరీదు ఇంకొకరు కట్టారు.

ఇప్పటికే తప్పులో ఉన్నవాళ్లు ఇది చదువుతూ ఉండవచ్చు. వాళ్లకు జక్కయ్య ఉన్నాడు. ఆయన సుంకపు గుత్తదారుడు, అంటే లెక్కలు తెలిసిన మనిషి. మోసాన్ని తానే ఒప్పుకున్నవాడు అసలుకు అయిదో వంతు కలిపి ఇస్తే చాలని ధర్మశాస్త్రం చెబుతుంటే (సంఖ్యాకాండము 5:6–7), ఆయన నాలుగింతలు ఇస్తానన్నాడు (లూకా 19:8). ఎవరూ నోటీసు ఇవ్వలేదు, ప్రభువు ఇంటికి వచ్చాడు, అంతే. నేటి చట్టంలో కూడా తానే ముందుకొచ్చేవాడికి దయ ఉంది. నోటీసు రాకముందే పొరపాటు గుర్తించి పన్నూ వడ్డీ కట్టినవాడికి, మోసం ఉద్దేశం లేకపోతే సాధారణంగా జరిమానా ఉండదు. మోసమే అయినా, నోటీసుకు ముందే కడితే జరిమానా పన్నులో 15 శాతంతో సరిపోతుంది. ఉత్తర్వు వచ్చాక కూడా గడువులోపు కట్టకపోతే అదే 100 శాతం అవుతుంది. కాబట్టి ఆగకండి. ఈ వారమే ఒక మంచి సలహాదారు దగ్గరికి వెళ్లి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మా సహోదరుడు భార్య నగలు కుదువబెట్టి, వాయిదాలన్నీ తీర్చాడు. షాపు సరుకు సగానికి తగ్గింది, అయినా షాపు నిలబడింది. కన్సల్టెంట్ మీద ఫిర్యాదు చేయమంటే, నేనూ ఇష్టపడే చేశానుగా అయ్యగారూ అన్నాడు. ఆ కన్సల్టెంట్‌ని నేను వెళ్లి కలిశాను. అందరూ చేసేదేనండి అన్నాడు. ఆయన కోసం ఇప్పటికీ ప్రార్థిస్తున్నాను. చివరి వాయిదా కట్టిన నెలలో మా సహోదరుడు కానుక తెచ్చి ఇస్తే, అది ఎప్పటికంటే తక్కువగా ఉంది. "ఇందులో ఉన్నదంతా నాదేనండీ, అయ్యగారూ" అన్నాడు. అంతకుముందు ఆయన తెచ్చిన ఏ కానుక విషయంలోనూ ఆ మాట అనలేకపోయాడు, అలా అనగలవా అని నేనూ అడగలేకపోయాను. మన లెక్కలు చూసే మనిషిని ఎన్నుకునే రోజున, ఆ మాట అనగలిగేలా మనల్ని నిలబెట్టేవాడినే ఎన్నుకుందాం.